ఆరు నెలల అర్జీ

పెదనాన్నా,

ఆదివారం నేను ప్రభుత్వ భవనం బయట వరుసలో నిలబడ్డది మన సాన్ మారినో కొత్త దేశాధినేతలిద్దరి వెల్వెట్ అంగీలు చూడ్డానికేనని అందరికీ చెప్పారట. "దానికి వేషాల పిచ్చి" అని నవ్వారట.

నిజమే, ఏడాదంతా మన విల్లు జట్టుతో పాతకాలపు వేషాలే వేశాను. ఏప్రిల్లో, అక్టోబరులో అధినేతల ప్రమాణం, సెప్టెంబరులో జాతీయ దినం, ఫిబ్రవరిలో పునీత అగాతమ్మ ఊరేగింపు. అన్నిటికీ పూలబుట్ట నాకు, విల్లు మగాళ్ళకి. నాకూ గురి ఉందంటే, "బుట్టే నీకు నప్పుతుందే తల్లీ" అన్నారు.

"సాన్ మారినోలో ఎవర్నీ ఆరు నెలలకు మించి గద్దె మీద ఉంచం" అని టూరిస్టుల ముందు మీసం తిప్పుతారు. మన పేట విల్లు జట్టుకు మాత్రం ఇరవై రెండేళ్ళుగా మీరే నాయకులు.

అధినేతలు మారాక వచ్చే మొదటి ఆదివారం ఎవరైనా అర్జీ ఇవ్వచ్చన్న సంగతి మీకు తట్టనే లేదు. జట్టు నాయకుడూ ఆరు నెలలకు దిగిపోవాలని రాసిచ్చాను. ఈ సెప్టెంబరులో నేను బుట్ట పట్టను. విల్లు పడతాను.