జీపులో చిన్న లివరు

ధర్మవరం, ఆగస్టు 1979
ఆదివారం రాత్రి

రామగిరి నుంచి వస్తుంటే వాగు ఇసుకలో మా పాత జీపు దిగబడింది. ఆయన కిందికి దిగి, స్టీరింగు నాకు కాదు, మరిది భార్య సరళకు అప్పగించారు.

"సరళా, ఆ చిన్న లివరు లాగు. ముందు చక్రాలు కూడా లాగుతాయి."

నేను ఆయనతో కలిసి వెనక నుంచి తోశాను.

"గట్టిగా తోయక్కా, గాజులేం పగలవులే!" అని నవ్వింది సరళ. జీపు బయటపడింది.

తారురోడ్డు ఎక్కాక ఆ లివరును తిరిగి మామూలుగా పెట్టబోతే కదల్లేదు.

"బావా, ఇరుక్కుండాది!"

"ఏం కాదులేమ్మా. బండి రవ్వంత ఎనక్కి పోనీ, అదే వదుల్తాది."

అన్నట్టే వదిలింది. అప్పుడు ఆయన ముఖంలో చూసిన మురిపెం, నేను ఎం.ఏ. పాసైన రోజున కూడా చూడలేదు.

భోజనాల దగ్గర అడిగాను, ఇన్నేళ్లలో నాకెందుకు బండి నడపడం నేర్పలేదని.

"నీకు భయం కదా" అన్నారు, అన్నం కలుపుకుంటూ.

సరళను చూస్తే ఇంకా కడుపు మండుతోంది. పాపం, దాని తప్పేముంది? నన్ను ఒక్కసారైనా ఆ సీట్లో కూర్చోబెట్టకుండానే పిరికిదాన్నని ఎప్పుడు తేల్చేశారో. నిజంగానే భయపడతానేమో... కానీ ఆ సంగతి నాకే తెలియనప్పుడు, ఆయనకెలా తెలిసింది?