పీటర్ అంకుల్ రైఫిల్

శనివారం రాత్రి, ఇన్వర్‌కార్గిల్

ఆ పాత లీవర్ రైఫిల్ ఈరోజు నాదైంది! చూపు మందగించి వేట మానేసిన పక్కింటి పీటర్ అంకుల్, దాన్ని గోడకు తగిలించుకునే వాళ్లకు అమ్మేది లేదన్నారు.

"నేను జింకల వేటకే తీసుకెళ్తాను అంకుల్" అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. లీవర్ కిందికి లాగి, లోపల ఖాళీ అని చూపించి, నా చేతిలో పెట్టారు.

ఇంటికొచ్చి నూనెగుడ్డతో గొట్టం మీది తుప్పు తుడుస్తుంటే మా ఆయన దూరంగా నిలబడ్డారు.

"ఇంట్లో తుపాకీ ఏంటి సునీతా? దాన్ని పెట్టే సేఫ్ తాళం నాకిచ్చెయ్."

"లైసెన్స్ నాదండీ. తాళం నా దగ్గరే ఉండాలి."

కాసేపటికి తనే వచ్చి కూర్చుని, చెక్క పిడికి నూనె పట్టించడం మొదలుపెట్టారు. ఈ ఊరి చెమ్మకు మళ్లీ తుప్పు పడుతుందేమోనని నా దిగులు... ఆయన దిగులల్లా జింక మాంసం వేపుడికి ఇంట్లో మిరియాలు చాలవేమోనని!