నాది కాని గొంతు

ఫిబ్రవరి 3, సోమవారం

పేపర్స్ పెట్టేశాను. మేనేజర్ పార్థసారథి గారికి మెయిల్ కొట్టి, ఆయన సీట్లోంచి లేచేలోపు వాష్‌రూమ్‌లోకి పారిపోయాను. ఆరేళ్లు పనిచేసిన కంపెనీకి మానేస్తున్నానని నోటితో చెప్పలేని మనిషిని నేను. నేను వియత్నాం వెళ్లి ఇంగ్లిష్ చెబుతానట.

హై ఫాంగ్ అనే ఊరు. ఏడెనిమిదేళ్ల పిల్లల స్కూలు. మే మొదటివారంలో చేరాలి. ఆఫర్ లెటర్ ఇప్పటికి ఎనిమిదిసార్లు చదివాను. యువర్ వామ్ అండ్ కాన్ఫిడెంట్ వాయిస్ అని రాశారు. ఆ లైన్ దగ్గరికి వచ్చినప్పుడల్లా ఫోన్ బోర్లా పెట్టేస్తున్నాను. ఆ గొంతు నాది కాదు.

ఫిబ్రవరి 4

ఎక్కడో ఒకచోట నిజం రాయాలి కదా. ఇక్కడ రాస్తాను.

జనవరి 18న ఫోన్ ఇంటర్వ్యూ. హాస్టల్ గదిలో నా మంచం మీద కూర్చున్నాను. రూమ్‌మేట్ నవ్య పక్క మంచం మీద గోళ్లకు రంగు వేసుకుంటోంది. ప్రిన్సిపాల్ మిస్ హాన్ హలో అంది. నేనూ హలో అన్నాను. టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్ అంది. జవాబు మొత్తం తలలో ఉంది, కామాలతో సహా. నోరు మాత్రం పెగల్లేదు. అవతల ఆవిడ హలో, హలో అంటోంది. నవ్య తడి గోళ్లతోనే ఫోన్ లాక్కుని, సారీ మ్యామ్, నెట్‌వర్క్ ప్రాబ్లమ్ అని అందుకుంది. ఇరవై రెండు నిమిషాలు నేనై మాట్లాడింది. నవ్వింది, జోక్ వేసింది, పిల్లలంటే ప్రాణం అంది. నేను ఆపలేదు. ఆపకపోవడం ఒక్కటే అయితే బాగుండేది. కాగితం మీద పాయింట్లు రాసి చూపించాను కూడా.

నవ్యకు ఇది తప్పని తోచదు. వాళ్లది ప్రొద్దుటూరు, నాలుగేళ్లుగా సాఫ్ట్‌వేర్‌లో ఉంది. ఈ మాదాపూర్‌లో ప్రాక్సీ ఇయ్యనోళ్లు యాడుండారో చూపీమే, మా టీమ్‌లోనే ఇద్దరు పక్కోళ్ల నోటితో ఉద్యోగం తెచ్చుకున్నారు, చేరినాక అన్నీ అవే వస్తాయిలే అంటుంది. కోడింగ్ అయితే చేరాక యూట్యూబ్ చూసి నేర్చుకుంటారేమో. మాట్లాడటం ఏ వీడియో చూసి నేర్చుకోను?

ఫిబ్రవరి 9, ఆదివారం

నాకు ఇంగ్లిష్ రాదని కాదు. కాల్ సెంటర్లో నాది చాట్ ప్రాసెస్. మొదట ఫోన్లో మాట్లాడే వాయిస్ పనికే తీసుకున్నారు. ట్రైనింగ్ మూడోరోజు మాక్ కాల్‌లో ఏడ్చేస్తే చాట్‌కి మార్చారు. అప్పట్నుంచి ఒకేసారి ముగ్గురు అమెరికా కస్టమర్లను టైప్ చేసి ఓదారుస్తున్నాను. ఐ కంప్లీట్లీ అండర్‌స్టాండ్ యువర్ ఫ్రస్ట్రేషన్. ఇప్పుడా ఓదార్పు బాట్ చేస్తోంది, నాకంటే ఓపిగ్గా. మార్చి ఆఖరుకల్లా టీమ్ మూసేస్తారు. వాయిస్‌లో ఖాళీలున్నాయి, వస్తావా అని పార్థసారథి గారు అడిగారు. అడిగి ఆయనే నవ్వేశారు.

టీచర్ సర్టిఫికెట్ ఆన్‌లైన్‌లో చేశాను. నూటికి తొంభై ఆరు. అన్నీ రాతపరీక్షలే. పిల్లల ముందైతే నోరు వస్తుందని నమ్మాను. ఊళ్లో పెదనాన్న పిల్లలకు ఏబీసీడీలు నేర్పింది నేనే. ఆ వేసవి సెలవులంతా నేను నోరు మూయలేదని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. అది నేనేనా అని నాకే అనుమానం. ఆ పిల్లను ఇంకోసారి చూడాలని ఉంది. అందుకే అప్లై చేశాను. ఎవరూ నమ్మరు కాబట్టి ఎవరికీ చెప్పలేదు.

ఫిబ్రవరి 16, ఆదివారం

ఈ రోజు భూమి చీలితే బాగుండేది.

తెల్లాపూర్ వెళ్లాను. నాయిన అక్కడొక గేటెడ్ కమ్యూనిటీలో సెక్యూరిటీ గార్డు. గేటు దాటే ప్రతి కారుకూ నా సంగతి చెప్పినట్టున్నాడు. మా బిడ్డ దేశం పోయి ఇంగ్లీష్ సదువు చెప్తది సార్ అని. అంతటితో ఆగినా బాగుండేది. సాయంత్రం డ్యూటీ మారే టైమ్‌కి ఆరుగురు గార్డులను కేబిన్ పక్కన కుర్చీల్లో కూర్చోబెట్టి, ఈ సాయిలు బిడ్డంటే ఏందో ఇయ్యాల చూడుండ్రి, గేటుకాడ సార్లతోని ఎట్ల మాట్లాడాల్నో పది మాటలు నేర్పుతది అన్నాడు. నాకు ముందు ఒక్క ముక్క చెప్పలేదు.

వాళ్లలో చంద్రయ్య అన్న పెన్ను మూత తీసి పట్టుకున్నాడు. విజిటర్ల రిజిస్టర్ వెనక పేజీ తెరిచి పెట్టుకున్నాడు. ఆరుగురూ నా నోటివైపు చూస్తున్నారు. గుడ్ ఈవెనింగ్ అనాలి. రెండు మాటలు. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. నాయినే అందుకున్నాడు. పొద్దటిసంది బిడ్డకు గొంతు బాగలేదు, ఇంకో ఆదివారం పెట్టుకుందాం అని కుర్చీలు తీయించాడు. చంద్రయ్య అన్న పెన్ను మూత పెట్టేశాడు.

బస్టాప్ దాకా నాయిన వచ్చాడు. బస్సు వచ్చాక, నీ గొంతు మంచిగనే ఉన్నదని నాకెర్కే బిడ్డా, ఏం ఫికర్ చెయ్యకు అన్నాడు. దానికి నవ్వాలో ఏడవాలో తెలియక బస్సెక్కేశాను. నా బదులు అబద్ధం చెప్పేవాళ్లు రోజురోజుకీ పెరుగుతున్నారు.

ఫిబ్రవరి 25

వీసాకు ఫొటోలు దిగాను. నోరు ముయ్యండి మేడమ్ అన్నాడు ఫొటో తీసేవాడు. ఇదొక్కటి నాకు బాగా వచ్చు.

మార్చి 7, శుక్రవారం

అయిపోయింది. అంతా అయిపోయింది.

మిస్ హాన్ మెయిల్. వీసా కాగితాలు కదలాలంటే ఒక లైవ్ డెమో క్లాస్ చూడాలని పేరెంట్స్ అడిగారట. మార్చి 28, మన టైమ్ పొద్దున ఏడు గంటలు. వీడియోలో. ఇరవై రెండుమంది పిల్లలు, అరగంట. మీ గొంతు వినడానికి పిల్లలు ఎదురుచూస్తున్నారు అని చివర రాసింది. పాపం, మంచి మనిషి.

వెనక్కి పోదామంటే సీట్ లేదు. ముందుకు పోదామంటే నోరు లేదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మా అమ్మమ్మ ఊరికే అనలేదు. నేను మోకాలి దాకా దిగి నిలబడ్డాను.

మార్చి 12

నిజం చెబుతూ మిస్ హాన్‌కి మెయిల్ రాశాను. చాలా బాగా వచ్చింది. నాలుగు పేరాలు, ఒక్క తప్పు లేదు. చదువుకుంటే నాకే కళ్లలో నీళ్లు తిరిగాయి. పంపలేదు. పంపితే రేపు పొద్దున నాయిన గేటు దగ్గర ఏ ముఖం పెట్టుకుని నిలబడతాడు?

అద్దం ముందు ప్రాక్టీస్ చేశాను. గుడ్ మార్నింగ్ చిల్డ్రన్. ఎవరూ లేకపోతే చక్కగా వస్తోంది. హాస్టల్ ఆంటీ బకెట్ కోసం తలుపు తోసింది. చిల్ దగ్గరే ఆగిపోయాను.

మార్చి 16, ఆదివారం

తెల్లాపూర్ వెళ్లలేదు. జ్వరం అన్నాను. మెసేజ్‌లో.

మార్చి 19

నవ్య దారి కనిపెట్టింది. వాళ్ల ఆఫీసు చుట్టుపక్కల ఇది మామూలేనట. కెమెరా ముందు నేను కూర్చుని పెదవులు ఆడించాలి. లాప్‌టాప్ వెనక నేల మీద నవ్య కూర్చుని మాట్లాడాలి. ఏం యోచన చేస్తాండావే రేణూ, అరగంటే కదా, ఆడికి పోయినాక పిల్లోళ్లతో నువ్వే అలవాటు పడతావ్ అంది.

సరే అన్నాను. సిగ్గులేదు నాకు. నిజంగానే సిగ్గులేదు. ఉన్నది భయం, దాన్నే ఇన్నాళ్లూ అందరూ సిగ్గు అని ముద్దుగా పిలిచారు.

మార్చి 21, శుక్రవారం

ఆఫీసులో లాస్ట్ డే. కేక్. అందరూ కలిసి స్పీచ్, స్పీచ్ అని బల్లలు చరిచారు. ఇంగ్లిష్ టీచర్ గారు మాట్లాడతారు అన్నారు పార్థసారథి గారు. కేక్ ముక్క మొత్తం నోట్లో పెట్టేసుకున్నాను. నోరు నిండా ఉంది కదా, అందరూ నవ్వి ఊరుకున్నారు. కింద సెక్యూరిటీకి ఐడీ కార్డు ఇచ్చేసి మెట్రో దాకా ఏడుస్తూ నడిచాను.

మార్చి 23, ఆదివారం

నాలుగుసార్లు రిహార్సల్ చేశాం. రికార్డ్ చేసి చూసుకున్నాం. చాలా బాగా కుదిరింది. అదే భయంకరంగా ఉంది. నా ముఖం, నా బొట్టు, నా చున్నీ, ఎవరో హాయిగా మాట్లాడుతున్నారు. చూసినకొద్దీ ఆ వీడియోలో ఉన్నదాన్ని లాగి ఒకటి కొట్టాలనిపించింది.

నవ్య మాత్రం ఈ వీడియో దాచిపెట్టుకోమంది. డిలీట్ చేశాను.

మార్చి 27

రేపు.

మార్చి 28, శుక్రవారం. ఉదయం 9.15

ఉన్నది ఉన్నట్టు రాసేస్తాను.

ఆరున్నరకే లాప్‌టాప్ బల్ల మీద పెట్టాం. నవ్య వెనకాల దిండు వేసుకుని కూర్చుంది. ఏడింటికి స్క్రీన్ మీద క్లాస్‌రూమ్ వచ్చింది. తెల్ల చొక్కాల పిల్లలు, వెనక వరసలో కొంతమంది తల్లులు. మిస్ హాన్ నేననుకున్నదానికంటే చిన్నది, ముప్పై దాటి ఉండదు. మా పిల్లలకు ఒక అలవాటు ఉంది, టీచర్ ఏం చెబితే అది తిరిగి చెబుతారు, కంగారు పడకండి అని చెప్పి పక్కకు జరిగింది.

నవ్య గుడ్ మార్నింగ్ చిల్డ్రన్ అంది. నేను పెదవులు కదిపాను. పిల్లలు చెప్పలేదు. ఇంకోసారి. మళ్లీ కదిపాను. నెట్ సరిగ్గా లేదో ఏమో, నా పెదవులు ముందు వెళుతున్నాయి, మాట వెనక వస్తోంది. పిల్లలు మాట వినడంలేదు. నా నోరు చూస్తున్నారు. ముందు వరసలో ఎనిమిదిమంది, నేను నోరు తెరిస్తే తెరుస్తున్నారు, మూస్తే మూస్తున్నారు. చప్పుడు లేదు. టీచర్ ఎలా చేస్తే అలా చేయాలని నేర్పారు కదా, చేస్తున్నారు. ఎనిమిది నోళ్లు, తొట్టిలో చేపల్లాగా.

నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీదో తెలియదు. ఏడెనిమిదేళ్ల పిల్లలకు మొట్టమొదటి పాఠం నేను నేర్పుతున్నది ఇదా? చప్పుడు లేకుండా నోరాడించడమా? దీనికోసమా ఆ కోర్సు, ఆ తొంభై ఆరు?

దట్ వజ్ నాట్ మై వాయిస్ అన్నాను.

నేనే అన్నాను. బయటికే వచ్చింది. గొంతు గరగరమంది, చివర సన్నబడిపోయింది, అయినా వచ్చింది. తర్వాత ఇరవై రెండుమంది పిల్లలు కలిసికట్టుగా, గట్టిగా, దట్ వజ్ నాట్ మై వాయిస్ అన్నారు.

నవ్య కింద నుంచి నా పిక్క గిల్లింది. మిస్ హాన్ ముఖం చూసే ధైర్యం లేదు. ఆపేసి లాప్‌టాప్ మూసేద్దామనుకున్నాను. పిల్లలు మాత్రం తరవాతి వాక్యం కోసం చూస్తున్నారు. వాళ్లకు ఇది పాఠమే.

మై ఫ్రెండ్ స్పోక్ ఫర్ మీ అన్నాను. అన్నారు. ఐ వజ్ అఫ్రెయిడ్ అన్నాను. ఎంత ఉత్సాహంగా అన్నారంటే, వాళ్లంత ఆనందంగా భయపడ్డవాళ్లను నేనెక్కడా చూడలేదు. ఒకడైతే చెయ్యెత్తి వాడి భాషలో ఏదో అడిగాడు. దేనికి భయం అని అడుగుతున్నాడని మిస్ హాన్ చెప్పింది. ఆమె గొంతులో కోపం ఉందో లేదో తెలియలేదు. మీరంటేనే అన్నాను. అదీ అన్నారు.

ఆ తర్వాత ఏం జరిగిందో సరిగ్గా గుర్తులేదు. ఎవరికి దేనికి భయమో చెప్పించాను. కుక్కలు, పాములు, డెంటిస్ట్, ఒకమ్మాయికి వాళ్ల నానమ్మ. బొమ్మలు గీశాను. నోరు ఎండిపోయి మధ్యలో మూడుసార్లు ఆగాను. ఆగినప్పుడు వాళ్లూ ఆగారు. గడియారం చూస్తే ముప్పై నాలుగు నిమిషాలు.

చివర్లో మిస్ హాన్ స్క్రీన్ మీదికి వచ్చింది. నవ్వలేదు. మీకు రాతలో తెలియజేస్తాం అని కాల్ కట్ చేసింది.

నవ్య నాతో మాట్లాడటంలేదు. చేజేతులా నోటికాడి కూడు కాలదన్నుకున్నావ్ అని మాత్రం అంది. వెళ్లేటప్పుడు తలుపు గట్టిగా వేసింది. ఆమె తప్పేం లేదు.

మార్చి 30, ఆదివారం

ఉగాది పండగని తెల్లాపూర్ వెళ్లాను. పచ్చడి తాగాక నాయినకు అంతా చెప్పాను. ఇంటర్వ్యూలో మాట్లాడింది నేను కాదని, ఉద్యోగం పోయినట్టేనని, అందరికీ చెప్పుకున్నావు కదా, నీ పరువు తీశానని. నువ్వు నాతోని గింతసేపు మాట్లాడింది ఎన్నేండ్లాయె బిడ్డా అన్నాడు. తర్వాత లోపలికి పోయి టీవీ పెట్టుకున్నాడు.

ఏప్రిల్ 2

మెయిల్ లేదు. ఇన్‌బాక్స్ నలభైసార్లు చూశాను. రాకపోతే ఏం చేస్తానో తెలియదు. వస్తే ఏం చేస్తానో అసలు తెలియదు.

ఏప్రిల్ 4

మిస్ హాన్ మెయిల్ వచ్చింది. ఒకటే లైన్. మీ ఇద్దరిలో ఎవరు వస్తున్నారు?

రిప్లై టైప్ చేశాను. చెరిపేశాను. ఫోన్ చేశాను. మూడు రింగుల తర్వాత ఎత్తింది. నేను వస్తున్నాను అని చెప్పాను.