గడప దాటని అచ్చులు

కీలక నామ సంవత్సరం, శ్రావణ శుక్రవారం రాత్రి. జమ్మలమడుగు.

ప్రొద్దుటూరు కాలేజీ నుంచి మనవరాలు పద్మ వచ్చింది. అన్నం తింటూనే పాఠం మొదలుపెట్టింది.

"కణంలో డీఎన్‌ఏ దాని గది దాటి పోదు జేజినాయనా. కావల్సిన జీన్ వరకే కణం ఆర్‌ఎన్‌ఏగా నకలు తీస్తాది. ఆ నకలే బయటికి పోయి పని చేపిస్తాది. పనైనాక చెదిరిపోతాది."

"ఇదేమన్నా కొత్తా? మా నాయన చేసిందీ అదే" అన్నాను.

కంసాలి పని చేసినన్నాళ్లూ నాయన నగల అచ్చులను గడప దాటనివ్వలేదు. పులివెందులవాళ్లు కమ్మలు అడిగితే, ఆ ఒక్క అచ్చునే మైనంలో ఒత్తి చూపడానికి పంపేవాడు. తిరిగొచ్చిన మైనాన్ని మళ్లీ కరగబెట్టేవాడు. ఆ వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది.

"మరి ఇప్పుడెవరు ఒత్తుతాండారు? నకలు తీయకుంటే జీన్ ఉన్నా లేనట్లే" అంది.

నాకు కోపం వచ్చింది. నేను కుంపటి ఆర్పి ఏళ్లయింది. నా కొడుకు, అంటే దాని నాయన, బస్సు కండక్టరు; అచ్చుల పెట్టె ముట్టడు.

"నాకు నేర్పు."

"ఆడపిల్లవు, కుంపటి కాడ నీకేం పని?"

"మైనం ఒత్తేదానికి మీసాలు కావల్నా?"

ఎంత పొగరు! మా వంశంలో ఆడవాళ్లు అచ్చు పట్టింది లేదు. నాయన ఉంటే ఒప్పుకోడు. నేను పోతే మాత్రం ఆ అచ్చులు ఉత్త ఇత్తడి.

పొద్దున దాని చేతికి కమ్మల అచ్చు ఇస్తాను. నాయన ఏమనుకున్నా సరే...