తలుపు అవతల చిన్ని

మంగళవారం రాత్రి, హైదరాబాద్

చెత్తబుట్ట బయట పెట్టి తిరిగేలోగా గాలికి తలుపు పడి తాళం బిగుసుకుంది. లోపల మూడేళ్ల మా పాప చిన్ని, పొయ్యి మీద పాలు. టీవీ మోతలో ఎంత పిలిచినా పలకలేదు. అవనిగడ్డలో మా పుట్టింట్లో అయితే పెరటి తలుపు ఉండేది. ఇక్కడ మూడో అంతస్తు.

చిన్ని గెంతులకు రోజూ విసుక్కునే కింది ఫ్లాట్ ఆవిడ దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ కాసేపు పైకి చెవి పెట్టి విన్నారు.

"హాల్లోనే గెంతుతోందండీ, అడుగులు వినిపిస్తున్నాయి. వంటింటివైపు వెళ్లలేదు. మీరు పైకి వెళ్లండి," అన్నారు.

వాచ్‌మన్ తాళం పగలగొట్టినంతసేపూ చిన్ని అడుగులు ఎటు పడుతున్నాయో ఆవిడ కింద నుంచి కేకేసి చెబుతూనే ఉన్నారు.

పాలు మాడిపోయాయి. చిన్నికి ఏమీ కాలేదు.

"కొన్నాళ్లు అవనిగడ్డ వెళ్తావా?" అని మా ఆయన ఆఫీసు నుంచి రాగానే అడిగారు.

తాళం లేని తలుపుకు కుర్చీ అడ్డం పెట్టాను. పొద్దున్నే కొత్త తాళం తెమ్మని ఆయనకు చెప్పాను.