ఆరో నంబరు బూట్లు

ప్రియమైన అక్కకి,

నువ్వు పంపిన పరుగు బూట్లు అందాయి. రెండుసార్లే వేసుకున్నానన్నావు, నిజమే, అడుగు కూడా అరగలేదు. తపాలా కౌంటర్లో ఇరవై ఏళ్లు కూర్చుని మొద్దుబారినదాన్ని, పార్కు చుట్టూ ఒక చుట్టు పరిగెత్తానంటే నమ్ముతావా? రెండో చుట్టు మాత్రం నడిచాను. డాక్టరమ్మ సుగర్ మొదలైందనగానే నాన్న కాలు గుర్తొచ్చింది. చిటికెనవేలి మీద చిన్న పుండుతో మొదలై మోకాలి దాకా తీసేశారు కదా. నాకా గతి పట్టకూడదని ఈ పరుగు.

బూట్లు సరిపోయాయి. బొటనవేలి గోరు కాస్త నల్లబడింది. సర్దుకుంటుందిలే.

నీ పిడుగు

పిడుగూ,

గోరు నల్లబడటమేమిటే? సుగర్ పెట్టుకుని కాళ్లతో ఆటలా? ఆ బూట్లు ఈ క్షణమే విప్పెయ్. పాదం కొలిచి ఇచ్చే దుకాణానికి వెళ్లు. సాయంత్రం వెళ్లు, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. నిలబడి కొలిపించుకో. కుట్టుమిషన్ మీద బతికేదాన్ని, కొలత తప్పితే ఏమవుతుందో నాకు తెలుసు.

కోపంతో,
అక్క

ప్రియమైన అక్కకి,

వెళ్లొచ్చాను. దుకాణంలో ఓ పెద్దావిడ "ఏ నంబరమ్మా?" అంది. "ఆరు" అన్నాను ఠక్కున. ఆవిడ నన్ను కొలతపలక మీద నిలబెట్టి ఒకటికి రెండుసార్లు చూసింది. "ఎనిమిది. ఎడమది ఇంకో పిసరు ఎక్కువే. ఆరని ఎవరు చెప్పారమ్మా నీకు?"

ఎవరు చెప్పారక్కా? నీది ఆరు. చిన్నప్పట్నుంచీ నీ పాతవే నాకొచ్చేవి. నలభై మూడేళ్లొచ్చినా నా నంబరు నాకు తెలీదు! నవ్వొచ్చింది, ఎందుకో కళ్లనీళ్లూ తిరిగాయి.

ఎనిమిదో నంబరు తొడిగి, వేళ్ల ముందు జాగా ఉందో లేదో నొక్కి చూసి, అక్కడే అటూ ఇటూ పరిగెత్తించింది. బూటులో వేళ్లు కదులుతాయని నాకు ఇన్నాళ్లూ తెలీదు. బడి పరుగుపందెంలో చిట్టచివర వచ్చినప్పుడు, నా కాళ్లే అంతనుకున్నాను.

నీ పిడుగు

అక్కా,

రెండు నెలలైంది, నీ నుంచి ఉలుకూ పలుకూ లేదు. పాత బూట్ల మాట ఎత్తిపొడుపుగా అనిపించిందా? అలా కాదే. ఒక్క ముక్క రాయి.

పిడుగు

నా చెల్లికి,

నువ్వు తప్పేం రాయలేదు. రాయడానికి నాకే చెయ్యి రాలేదు.

ఆ పందెం రోజు నువ్వు మంచం కింద దాచిన మేజోళ్లు నేను చూశాను. వేళ్ల దగ్గర నెత్తురు. అమ్మ కంటపడకముందే ఉతికి ఆరేశాను. నీ మీద జాలితో కాదు. నీకు ఇరుకని తెలిస్తే కొత్తవి నీకు కొంటారు, ఆ ఏడు నాకుండవు. "సరిపోయాయా?" అని అమ్మ అడిగిన ప్రతిసారీ నువ్వు నా మొహంలోకి చూసేదానివి. నేను తలూపేదాన్ని. అప్పుడు నువ్వు "సరిపోయాయి" అనేదానివి.

ఈ బూట్ల పార్సిల్ కడుతున్నప్పుడు అదేం తట్టలేదు. లేదు, అబద్ధం, తట్టింది. తట్టినా కట్టేశాను. నాన్న కాలు చూసి కూడా. నీ గోరు సంగతి చదివాక వచ్చిన ఆ కోపం నీ మీద కాదే.

నేనూ కొలిపించుకున్నాను. ఆరే. నాకు ఎప్పుడూ అచ్చంగా సరిపోయేవే దొరికాయి. ఊళ్లో అందరి కొలతలూ తీస్తాను, నిన్నొక్కదాన్నే కొలవలేదు.

ఆదివారం పొద్దుటి బస్సుకి వస్తున్నాను. అమ్మ అడిగినట్టే అడుగుతాను. ఈసారి నా మొహం చూడకుండా చెప్పు.

అక్క