ధర్మవరంలో ఊడిన పోస్టర్లు

ధర్మవరం,
1941 మార్చి 9

జయరాముడు బావకు,

ధర్మవరంలో నువ్వు ఫిడేలు కచేరీ పోస్టర్లే అంటించలేదని, హిందూపురం ప్రెస్సాయన నిన్ను పనిలోంచి తీసేస్తానంటాండాడని అత్త చెప్పి ఏడ్చింది. నువ్వు అంటించినావు బావా. నాలుగూ పీకింది నేనే.

స్టేషన్ గోడకాడ జనం గుంపుగా నిలబడి పోస్టర్ల మీద నువ్వు గీసిన బొమ్మ చూస్తాండ్రి. మా మేస్త్రీ శ్రీరాములప్పా ఉన్న్యాడు. ఇస్కూలు మాని రెండేండ్లుగా ఆయనకాడ చీర అంచులు గీయను నేర్చుకుంటాండా, ఒక్క దినమూ బాగుందనలేదు. ఆ పొద్దు నాతో, "ఏమప్పా, ఫిడేలు కమానును కాగితం ఈ చివర నుంచి ఆ చివరదాకా ఒక్క గీతలో లాగినాడు సూడు. గీస్తే అట్ల గీయల్ల," అన్యాడు. నాకు కడుపు మండిపాయ. మధ్యాన్నం ఎండకు ఎవురూ లేనప్పుడు పోయి పీకినా.

చించేద్దామనే ఇంటికి తెచ్చినా. ముందు తప్పు యాడుందో చూద్దామని పరిచినా. ఫిడేలు తీగలు కూడా ఎంచినా. యాడా తప్పు లేదు. ఇంక చించనీకి చేతులు రాలేదు.

ఈ ఉత్తరం ప్రెస్సాయనకు చూపించు. మా మేస్త్రీకి తెలిస్తే తెలియనీ. మూడు పోస్టర్లు చుట్టి పంపుతాండా. నాలుగోది మాత్రం అడగొద్దు బావా. దాన్ని చూసే గీస్తాండా, ఆ గీత ఇంకా నా చేతికి రాలేదు.

నీ బామ్మర్ది